గిటార్‌కు గ్రీజు పెట్టిన వైనం

పెళ్లిలో పప్పు మాడటం మీరు చూసే ఉంటారు, మగపెళ్లివారు అలగడం చూసే ఉంటారు. ఒక్క మనిషి వేలెడు గ్రీజుతో పెళ్లి పాటను ముంచేయడం మాత్రం చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. సర్దుకుని కూర్చోండి, నా పరువు ఎలా పోయిందో చెబుతాను.

డెబ్బైల చివర్లో తాండూరులో బండలు పాలిష్ చేసే కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. పొద్దున మనిషిలా వెళ్లి, దుమ్ము పట్టి సాయంత్రానికి బండలా తిరిగొచ్చేవాణ్ణి. నా దగ్గర ఒక పాత గిటార్ ఉండేది. వికారాబాదులో సలీం భాయ్ ఆర్కెస్ట్రాకు గిటార్ వాయించేవాడు కావాలని తెలిసి, ఆదివారం ప్యాసింజర్ ఎక్కి ఆయన ముందు వాలాను. ఆ చోటు దొరికితే ఈ దుమ్ము వదిలిపోతుంది. అప్పట్లో నాకు అంతకుమించిన కోరిక లేదు.

సలీం భాయ్ కళ్లు మూసుకుని విన్నాడు.

"చెయ్యి మంచిగున్నది నర్సింలు. గని తీగ పక్కకు గుంజి వదిలినంక సుర్ మళ్ల జాగకు వస్తలేదు. తీగ గీడ ఇరుకుతున్నది," అంటూ మెడ చివర తీగలు ఆనే గాట్లు చూపించాడు. "దాంట్ల పెన్సిల్ గీకు. గా నల్లపొడి పడితె తీగ సాఫ్‌గ జారి మళ్ల జాగకొస్తది. వచ్చే ఆదివారం ఈడ్నే పెండ్లి ఉన్నది. మంచిగ వాయిస్తె నీ సీటు పక్కా."

పెన్సిలట. నాకు నవ్వొచ్చింది. రోజూ మిషన్లతో బతికేవాణ్ణి, ఏదైనా జారాలంటే ఏం పెట్టాలో నాకు తెలియదా? కార్ఖానా డబ్బాలోంచి గ్రీజు తెచ్చి గాట్లకు పూశాను. అక్కడితో ఆగితే నేను నర్సింలునే కాదు. తీగలు చుట్టే కీలకు కూడా దట్టంగా పట్టించి, కొత్త తీగలు ఎక్కించాను.

పెళ్లిలో సలీం భాయ్ హార్మోనియం దగ్గర కూర్చున్నాడు. ఇటు నేను, మధ్యలో పాడే శంకర్. మొదటి పాటలోనే తీగను ఒయ్యారంగా పక్కకు లాగాను. అది గ్రీజు పట్టిన కీ మీద జారి వదులైంది, శ్రుతి కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. సరిగా లాగలేదేమోనని ఇంకా గట్టిగా లాగాను. ఇంకా దిగింది.

శంకర్ జనానికి నవ్వు ముఖం చూపిస్తూనే నా వైపు వంగాడు. "అన్నా, భాయ్ పరిగి బస్సు ఎక్కిండు. నువ్వేమో మోమిన్‌పేట్ బస్సుల ఉన్నవ్. నేను ఏది ఎక్కాలె?"

"నా ఎంట రా," అన్నాను. నా ధైర్యం చూడండి.

పాపం, నమ్మి వచ్చాడు. రెండో చరణానికి అతని గొంతు బావి అడుగు నుంచి వినిపించింది. మూడో చరణంలో పెదవులు మాత్రమే కదిలాయి. పెళ్లికొడుకు మేనమామ స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"జర ఆపుర్రి. పిల్లగాడు పరేషాన్ అయితుండు. లగ్గం కాడ ఎవలు ఏడుస్తున్నరని అడుగుతుండు."

కీలు తిప్పబోతే వేళ్లు కూడా జారాయి. తీగ పూర్తిగా ఊడొచ్చి నా చెవికి చుట్టుకుంది. సలీం భాయ్ లేచి వచ్చి, కీలు తాకి, వేలు వాసన చూశాడు.

"ఇదేంది?"

"గ్రీజు, భాయ్."

"నేనేం చెప్పిన?"

"పెన్సిల్."

ఆయన ఆ వేలు నా చొక్కాకే తుడిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ ఆ బండలే, ఆ దుమ్మే అనుకుంటే ఏడుపొచ్చింది. అప్పుడే పందిరి వెనక, మైకులకు కరెంటిచ్చే జనరేటర్ కీచుమంది. సలీం భాయ్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"వచ్చే ఆదివారం కోట్‌పల్లిల పెండ్లి ఉన్నది. నువ్వు రావాలె."

నా ప్రాణం లేచొచ్చింది. "గిటార్‌కు పెన్సిల్ గీకి తెస్త భాయ్."

"గిటార్ ఇంట్లనే ఉండనియ్యి. గ్రీజు డబ్బ తే."

అలా ఆర్కెస్ట్రాలో నా సీటు ఖాయమైంది, జనరేటర్ పక్కన. ఆ జనరేటర్ సాక్షిగా అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: పెన్సిల్ పెట్టమన్న చోట ఈ జన్మలో ఇంకేమీ పెట్టను. నమ్మకపోతే నా చొక్కా జేబు చూడండి. ఒకటి చెక్కి సిద్ధంగా ఉంటుంది.