ఎర్ర చీటీ

స్టీల్ ప్లాంటు ఫిట్టరు తిరుమలరావు ఇంట్లో మోపెడ్ ఇంజను దించాలన్నా ముందు హ్యాండిల్‌కు ఎర్ర చీటీ కడతాడు. దాని మీద తన పేరు, తేదీ, వేళ రాస్తాడు. చీటీ ఉన్నంతసేపు దాన్ని ఎవరూ నడపకూడదు, కట్టినవాడే విప్పాలన్నది ప్లాంటు రూలు. కూర్మన్నపాలెంలో అతని వరండాకీ అదే రూలు. పెట్రోలు పైపు, కేబుళ్లు, చైను తీసేసి, కింద పాత టైరు పెట్టి, చప్పుడు కాకుండా ఇంజనును దాని మీదికి దించుతాడు. బోల్టులు విప్పిన వరసలోనే పాత ఇడ్లీ రేకు గుంటల్లో కూర్చుంటాయి.

ఆ ఆదివారం ఇంజను బాగుచేసి, తిరిగి ఎక్కించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఇంతలో భార్య పుష్ప ఇడ్లీ పిండి ప్యాకెట్ల సంచీతో వచ్చింది. పదింటిలోగా వాటిని కొట్లకు చేర్చాలి. చీటీ చూసి సంచీ కింద పెట్టింది.

"బండి రడీగానే ఉంది కదక్కా, ఏటి సూస్తన్నావు?" అంది పక్కింటి దేవిశ్రీ.

"సీటీ ఇప్పనేదు. ఆయన్ని రానీ."

తిరుమలరావు వచ్చి, అలవాటుగా ఇడ్లీ రేకు వైపు చూశాడు. ఇంజనును పట్టి ఉంచే బోల్టు ఒకటి ఆఖరి గుంటలో మిగిలిపోయింది. తొందరపడకుండా బిగించాడు. చీటీ విప్పి, వెనకవైపు ఏదో రాసి, జేబులో పెట్టుకున్నాడు.

"ఏటి రాసినారు?"

"బోల్టు మరిసిపోనాను. అదే రాసినాను."

పుష్ప సంచీ తీసుకుని బండెక్కింది.