నీడలో ఆపిన బండి

బడి బస్సు నడిపినన్నాళ్లూ అతన్ని అందరూ నిదానం అనే పిలిచారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరో ముసలావిడ బస్సు వెనక సీటు కింద గుడ్ల బుట్ట మరిచిపోతే, కుదుపుకి ఒక్క పెంకు చిట్లకుండా అన్నీ అక్కడే కోడిపిల్లలై వరసగా మెట్లు దిగి వెళ్లిపోయాయట. ఎన్ని పిల్లలన్న దగ్గర కొంచెం పేచీ ఉండేది గాని, సంగతి నిజమేనా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నిదానం నోట్లో నాలుక లేని మనిషి. బడి మూతపడి బస్సు అమ్మేసినప్పుడు కూడా తాళాలు తుడిచి ఇచ్చి, నడిచి ఇంటికి వచ్చాడు. నడివయసులో ఇంకో పని ఎవరిస్తారు? మేనమామ వచ్చి పిలిచాడు. ఆయన జన్మంతా పశువుల లారీ తోలినవాడు. మోకాళ్లు అరిగిపోయి క్లచ్ తొక్కలేకపోతున్నాడు. తన సీటు పరాయివాడికి పోవడం ఆయనకు ఇష్టం లేదు.

కొన్నాళ్లు పక్క సీట్లో కూర్చుని మామే నేర్పాడు.

"ఒరేయ్ అల్లుడూ, వీటికి పట్టుకోడానికి కమ్మీ లేదు. మలుపులో నువ్వు తొందరపడితే ఒకదాని మీద ఒకటి పడతాయి."

"నేనెప్పుడు తొందరపడ్డాను మావయ్యా?"

"అదీ నిజమే. నీ పెళ్లికి కూడా ఆలస్యంగానే వచ్చావు."

బయలుదేరిన కాసేపటికే ఆపి, పడిపోయినవి ఉన్నాయేమో చూడాలన్నాడు. మధ్య తలుపులు వేసి గొర్రెల్ని చిన్న గుంపులుగా ఉంచాలన్నాడు. కింద ఇసుక తడిస్తే మార్చాలన్నాడు. నిదానం అన్నీ విన్నాడు. ఒకరోజు అడిగాడు.

"ఇవన్నీ ఎక్కడికి పోతాయి?"

"కొన్ని మేతకి, కొన్ని కోతకి."

"ఈ లోడు?"

మామ కిటికీలోంచి బయటకు చూశాడు. "కోతకి."

"మరి ఇంత జాగ్రత్త దేనికి?"

"పిల్లల్ని పరీక్షకి తీసుకెళ్లేవాడివి కదా. తప్పుతాడని తెలిసినవాణ్ణి దారిలో దింపేశావా?"

నిదానం మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఒంటరిగా వెళ్లాల్సిన రోజు వచ్చింది. లారీ యజమాని ముందే తేల్చి చెప్పాడు. "ఈ ట్రిప్పు సరిగ్గా చేస్తే తాళాలు నీ దగ్గరే ఉంటాయి. చెడగొడితే నీ వెనక బోలెడుమంది కాచుకుని ఉన్నారు." చెప్పడమైతే చెప్పాడు గాని, గొర్రెల్ని ఎక్కించే కూలీలు ఆవులిస్తూ వచ్చేసరికే తొమ్మిదయింది. లారీలో రెండు అంతస్తులూ నింపి తలుపు వేసేసరికి రేకులు కాలుతున్నాయి.

మొదటిసారి ఆపి చూసినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం మళ్లీ చూస్తే కొన్ని నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. బస్సులో ఏ పిల్లవాడికైనా కళ్లు తిరిగితే నిదానం ఏం చేసేవాడో ఇప్పుడూ అదే చేశాడు. చల్లని చోటు వెతికాడు. రోడ్డు పక్కన గోదాము గోడ ఎత్తుగా ఉంది, దాని నీడ నిండుగా పరుచుకుని ఉంది. బండిని గోడకు ఆనించినంత దగ్గరగా నిలిపి ఇంజను ఆపాడు. బకెట్లు పట్టుకుని నీళ్లకు వెళ్లాడు. కుళాయి గోదాము వెనక ఉంది, ధార సన్నంగా ఉంది.

వెళ్లేటప్పుడు గొర్రెలు అరుస్తున్నాయి. తిరిగి వచ్చేసరికి చప్పుడు లేదు. నీడ పనిచేసిందనుకున్నాడు. హమ్మయ్య అనుకుంటూ పక్క కమ్మీలు పట్టుకుని పైకెక్కాడు. మరుగుతున్న గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. లోపల ఆకు కదిలేంత గాలి లేదు. అన్నీ మెడలు చాచి, నాలుకలు బయటపెట్టి, పొట్టలు ఎగరేస్తున్నాయి. అరవడానికి ఒక్కదానికీ ఓపిక లేదు.

దిగి వెంటనే మామకు ఫోను చేశాడు.

"మావయ్యా, రొప్పుతున్నాయని నీడలోనే ఆపాను. అయినా..."

"ఆపావా?" మామ గొంతు చిన్నదైపోయింది. "ఎండవేళ నిండు లోడు ఆపావా?"

"నీళ్లు తెచ్చాను. తాగించి..."

"నీళ్లు పారబోసి బండెక్కు. అది కదిలితేనే లోపలికి గాలి. ముందు కదుపు, ఏడుపు తర్వాత."

అన్నీ నేర్పిన మామ ఈ ఒక్కటీ చెప్పలేదు. ఊపిరి పీల్చమని ఎవరికి ఎవరు చెబుతారు?

బండి కదిలింది. నిదానం అద్దాలు దించి, వెనక్కి చెవి ఒగ్గి నడిపాడు. అల్లరి చేయొద్దని ఏళ్ల తరబడి పిల్లల్ని బతిమాలినవాడు, ఇప్పుడు ఒక్క అరుపు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాడు. చాలా దూరం ఏమీ వినబడలేదు. వంతెన దిగాక ఒకటి బొంగురుగా అరిచింది. దానికి ఇంకొకటి బదులు పలికింది. స్టీరింగు మీద చేతులు తడిసిపోయాయి.

చేరాక, గొర్రెల్ని దించే చోట పనిచేసే ఆవిడ కర్రతో లెక్కపెట్టింది. కింది అంతస్తు మూలలో ఒకటి లేవలేదు.

"ఒకటే. అక్కడే ఉండనీ, కుర్రాళ్లు ఈడ్చేస్తారు," అందావిడ. "మీ ఓనరు అడిగితే ఎండ అని చెప్పన్నా. అందరూ అదే చెబుతారు."

అతను లోపలికి వంగి వెళ్లి దాన్ని రెండు చేతులా ఎత్తుకుని దించాడు. ఉన్నిలో వేడి ఇంకా పోలేదు.

బండి కడిగి, మర్నాడు పొద్దున తాళాలు తీసుకుని యజమాని గదికి వెళ్లాడు. మామ అప్పటికే అక్కడ బెంచీ మీద మోకాళ్లు రాసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"ఒకటేగా?" అన్నాడు యజమాని. "మొదటిసారికి బాగా చేసినట్టే. తాళాలు ఉంచుకో."

తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చినవాడికి ఆ మెచ్చుకోలు మింగుడు పడలేదు.

"ఎండ వల్ల పోలేదండి. నేను బండి ఆపడం వల్ల పోయింది."

"సరే, ఇంకెప్పుడూ ఆపకు. రేపు తొమ్మిదికి లోడు."

నిదానం తాళాలు బల్ల మీద పెట్టాడు. "తెల్లవారుజామున ఎక్కిస్తే వెళ్తాను. తొమ్మిదికైతే నేను నడపనండి."

"కూలీలు అప్పుడు లేవరయ్యా."

"నేను వెళ్లి లేపుతాను."

"గొర్రెలు నిన్ను వకీలుగా పెట్టుకున్నాయా ఏం?"

 నిదానం తాళాలు తీసుకోలేదు. యజమాని మామ వైపు చూశాడు.

"నన్నేం చూస్తారు బాబూ," అన్నాడు మామ. "వాడు ఇంత మాట్లాడగా నేనూ ఇదే వినడం."

యజమాని ఒక్క వేలితో తాళాలు నిదానం వైపు నెట్టాడు.

మర్నాడు చీకటితోనే లేపినందుకు కూలీలు తిట్టిన తిట్లలో కొన్ని అప్పటికప్పుడు కొత్తగా కల్పించినవట. నిదానం అవన్నీ విని, ఏటవాలు చెక్క పక్కన నిలబడ్డాడు. ముందున్న గొర్రె అతని చెయ్యి వాసన చూసి, నమ్మి, పైకి నడిచింది. మిగతావి దాని వెనకే ఎక్కాయి. అవి ఎక్కడికి పోతున్నాయో అతనికి తెలుసు. తలుపు గడియ రెండుసార్లు లాగి చూసి, వెళ్లి సీట్లో కూర్చున్నాడు.