తాండూరు ఎగ్జిబిషన్‌లో ఒళ్లంతా చూసే గేటు

మా ఇంట్లో నన్ను అనుమానపు పక్షి అంటారు. ఇంటి గచ్చుకు తాండూరు బండలు ఎంచుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ కదలని నేను, అక్కడి బండల ఎగ్జిబిషన్ గేటుకు ఒళ్లంతా చూసే స్కానర్ పెట్టారని వినగానే బయల్దేరాను. బండలు చూడటానికి వచ్చేవాళ్ల ఒళ్లు చూడటం ఎందుకన్నదే నా సందేహం.

సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కితే వికారాబాద్‌కు గంటన్నర. తీరిక ఉంటే అక్కడినుంచి ఆటోలో అనంతగిరి కొండకు వెళ్లి రండి, వానలు పడ్డాక బాగుంటుంది. నేను టీ మాత్రం తాగి తాండూరు బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమే, కానీ ఆధార్ చూపాలి. అదీ నాకు కాస్త గుచ్చుకుంది. గంట దాటాక తాండూరులో దిగి, మనిషికి ఇరవై రూపాయల షేర్ ఆటోలో ఎగ్జిబిషన్‌కు కదిలాను. దారి పొడవునా బండలు పాలిష్ పట్టే షెడ్లు, చెట్ల మీద కూడా తెల్లటి దుమ్ము.

"గా మిషన్ల బొక్కలు గూడ కనవడ్తయట మేడం," అన్నాడు డ్రైవర్. బొక్కలంటే ఎముకలు.

"నువ్వు వెళ్లి చూశావా?"

"నేనెందుకు పోత? నా బొక్కలు నాకెర్కే."

నా పక్కన కూర్చున్నామె నవ్వలేదు. పేరు మణెమ్మ, యాభై దాటిన మనిషి. పెద్దేముల్ నుంచి వస్తోంది, ఎగ్జిబిషన్‌లో ఊడ్చే పనికి అదే మొదటిరోజు. "బట్టలల్లకెల్లి కనవడ్తదా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. నాకూ తెలియదన్నాను.

గేటు దగ్గర గాజు గదిలో చేతులెత్తి నిలబడాలి. తెర మాత్రం వరుసలో ఉన్నవాళ్ల వైపే తిరిగి ఉంది. మణెమ్మ నిలబడగానే, తెర మీది బూడిదరంగు మనిషి బొమ్మకు నడుము దగ్గర పసుపు గడి వెలిగింది.

"ఏముందమ్మా ఆడ?" అన్నాడు గార్డు, అందరికీ వినపడేలా.

"తాయత్తు."

"ఇప్పి సూపియ్."

"దాన్ని ఇప్పరాదు సారూ."

చివరికి ఆడ గార్డు పరదా వెనక తడిమి చూసి పంపింది. "నడుముల బంగారం దాసినవా పెద్దమ్మా?" అని తోటి పనివాళ్లెవరో నవ్వారు. నా వంతు వచ్చినప్పుడు ఈ బొమ్మలన్నీ ఎక్కడికి పోతాయని అడిగాను.

"సేవ్ కావు మేడం. మనిషి దాటంగనే పోతయి."

నమ్మలేదు. అయినా అంత దూరం వచ్చి వెనక్కి పోలేక చేతులెత్తాను. లోపల నీలం బండ నచ్చింది, ధర కూడా మనకు అందేలా ఉంది. ఎనభై రూపాయలకు జొన్నరొట్టె, కందిపప్పు కడుపునిండా పెట్టారు. మనసు మాత్రం గేటు దగ్గరే ఉంది.

సాయంత్రం బయటికి రావాలన్నా అదే గాజు గది. నా ముందు మణెమ్మ. ఈసారి గడి కొప్పు దగ్గర వెలిగింది. గార్డు తెరను తాకగానే ఆ బొమ్మ పక్కన, నడుము దగ్గర గడి ఉన్న ఇంకో బొమ్మ వచ్చింది.

"పొద్దున నడుముకు ఉండె. ఇప్పుడు కొప్పులకొచ్చింది. ఏం దాస్తున్నవ్?"

"సేవ్ కావన్నారుగా. పొద్దుటి బొమ్మ ఎక్కడినుంచి వచ్చింది?" అన్నాను. అతను నా వైపు చూడలేదు. "గదంత కంపెనీ సిస్టం మేడం," అన్నాడు.

మణెమ్మ కొప్పులోంచి రాగి తాయత్తు తీసి అరచేతిలో పెట్టుకుంది. "అందరు నడుము దిక్కే సూస్తుంటె గీడ పెట్టుకున్న. మా పెద్దబిడ్డ బొడ్డుతాడు దీంట్ల ఉంది. నెల నిండకముందే పోయింది పిల్ల. ఇంకా ఉంచుకున్ననని ఇంట్ల గూడ ఎవ్వరికెర్క లేదు."

"సరే, పోమ్మా," అన్నాడు గార్డు. ఆమె కదల్లేదు.

"ఆ పిల్లది ఒక్క ఫొటో గూడ లేదు నాతాన. నా బొమ్మ నువ్వెందుకు పెట్టుకున్నవ్? తీసెయ్."

"నా చేతుల లేదమ్మా."

"మరి ఎవల చేతుల ఉన్నది?"

అతను ఆమెను వదిలి, నన్ను లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. మేం బయటికొస్తుంటే ఆడ గార్డు వెనకాలే వచ్చి, "అడిగితె చేత్తోనే సూస్తం. అడగకుంటె చెప్పొద్దన్నరు," అంది గొంతు తగ్గించి.

నా అనుమానమే నిజమైంది, కానీ సంతోషం కలగలేదు. ఒళ్లు మండింది. భద్రత కోసమంటే కాదనేవాళ్లెవరు? ఆ మాట చాటున ఏం దాచుకుంటున్నారో మాత్రం మనకు చెప్పరు. నా బొమ్మ కూడా అక్కడే ఎక్కడో ఉంది. వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట: గాజు గదిలో అడుగు పెట్టకముందే, పరదా వెనక చేత్తో చూడమని అడగండి. ఆటో ఎక్కుతున్న మణెమ్మకూ అదే చెప్పాను.

"రేపు అడుగుత," అంది. "గీ పొద్దుటి బొమ్మ ఆడనే ఉండిపాయె గద బిడ్డా."