గేదెకు పెట్టే చెక్క

మా ఆవిడ పోయాక ఇంట్లో మిగిలిన ప్రాణులు పది: తల్లి పంది ఒకటి, దాని పిల్లలు ఎనిమిది, నేను. మాకు సంతానం లేదు. జ్ఞాపకార్థ కూడికకు చర్చి వాళ్ళంతా వచ్చారు, భోజనాలు చేశారు, వెళ్ళారు. మళ్ళీ ఎవరూ తిరువూరు శివార్లలోని మా ఇంటి వైపు తొంగిచూడలేదు. పందుల వాసనట. పందులు ఆమె ఉన్నప్పుడూ ఉన్నాయి. అప్పుడు కాఫీలు తాగిన వాళ్ళ ముక్కులు ఇప్పుడే సున్నితమయ్యాయా అని నాకు ఒళ్ళు మండేది.

పందులు ఆమెవి. నేను ముప్పై ఏళ్ళు విజయవాడ బస్సులో కండక్టరుగా చేశాను. రోజంతా జనం గోల విని వచ్చినవాడికి ఇంట్లో మాట రుచించదు. ఆమె పాక ముందు కూర్చుని దాణా కలుపుతూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. నేను పేపరు వెనక నుంచి ఊఁ కొట్టేవాణ్ణి. "పందుల వంట అయ్యాక నాకూ ఓ ముద్ద పెడతావా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె నవ్వేసి మళ్ళీ చెప్పేది.

ఆ ఎనిమిదింటినీ ఆమె పెంచినట్టే పెంచాలని పట్టుదల పట్టాను. అవి కూడా పోతే ఆమె రెండోసారి పోయినట్టే అనిపించింది.

మొదట నూకలు, తవుడు ఉడకబెట్టి పోశాను. పొట్టలు ఉబ్బాయి, వెన్నెముకలు తేలాయి. ఉత్త గింజతో కడుపు నిండుతుంది గానీ కండ పట్టదని, బలానికి నూనె తీయగా మిగిలిన చెక్క ఏదైనా కలపాలని నాకూ తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో గేదెలుండేవి. అమ్మ పత్తి చెక్క నానబెట్టి పెడితే పాలు చిక్కగా వచ్చేవి. పత్తి పండే మా వైపు చెక్క అంటే ముందు గుర్తొచ్చేది అదే. ఇందులో ఒకర్ని అడిగేదేముందని బస్తా తెచ్చి రోజూ రెండు డబ్బాలు కలిపాను. పిల్లలు ఆబగా తిన్నాయి. తల్లి పంది మాత్రం మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. పొగరనుకుని దానికి విడిగా నూకలే పడేశాను.

నెల దాటాక పిల్లల తిండి తగ్గింది. నాలుగడుగులు వేస్తే రొప్పేవి. ఒక ఉదయం రెండు పిల్లలు తొట్టి పక్కనే చచ్చి ఉన్నాయి. మర్నాడు మూడోది. గొయ్యి నేనే తీశాను. సాయానికి పిలుద్దామంటే ఒక్కరి పేరూ నోటికి రాలేదు.

పెనుగొలను వెళ్తున్న పశువుల డాక్టరమ్మను దారిలో ఆపి, బతిమాలి తీసుకొచ్చాను. ఆవిడ బస్తా చూసి ఆగిపోయింది.

"బాబాయ్ గారూ, ఇది పందులకి పెడుతున్నారా?"

"గేదెలకి పెట్టేదేగా అమ్మా."

"గేదె పొట్ట వేరండి. పత్తి గింజలో ఉండే విషాన్ని అది అరాయించుకుంటుంది. పందికైతే గుండె మీద పడుద్ది. ఇవాళే ఆపేయండి. మొక్కజొన్న నాలుగు పాళ్ళు, సోయా చెక్క ఒక పాలు, తవుడు ఒక పాలు, గుప్పెడు ఎండుచేపల పొడి. అంతే." చేతులు కడుక్కుంటూ అడిగింది: "మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్ళు లేరమ్మా," అన్నాను.

అబద్ధమాడానని ఆవిడ వెళ్ళాక తెలిసింది. నాలుగు, ఒకటి, ఒకటి, గుప్పెడు. ఆ గుప్పెడుతో సహా, ఆమె పందులు పెంచిన పద్దెనిమిదేళ్ళూ విన్న మాటలే అవి. "పత్తి చెక్క మాత్రం వద్దండోయ్, అది గేదెలకే," అని మా ఆవిడ ఎన్నిసార్లు అందో, నేను అన్నిసార్లూ ఊఁ అన్నాను. ఏ స్టేజీలో ఎవరు దిగాలో గుర్తుపెట్టుకున్నవాణ్ణి, ఇంట్లో మనిషి మాట ఒక్కటి గుర్తుపెట్టుకోలేదు. ఆ రోజు నాకు బెంగ కన్నా సిగ్గే ఎక్కువైంది.

మిగిలిన ఐదూ మెల్లగా తేరుకున్నాయి. మొక్కజొన్నకూ సోయాకూ వీపులు గుండ్రంగా తిరిగాయి. తల్లి పంది కూడా తొట్టి దగ్గరికి వస్తోంది.

ఇప్పుడు నేనే పాక ముందు కూర్చుని దాణా కలుపుతున్నాను. కలుపుతూ పాళ్ళు పైకే చెబుతాను, ఆమె చెప్పిన వరుసలోనే. చెప్పి కాసేపు ఆగుతాను. ఆమెకైతే పేపరు వెనక నుంచి ఊఁ అనేవాడొకడు ఉండేవాడు. నాకు ఆ ఊఁ కూడా లేదు.