ఆవలి ఒడ్డున ఆయమ్మ

ఆయమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున, నేను బడికి బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. భద్రాచలం దవాఖానాలో తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. చెప్పేవాళ్ళు ఇంకా ఏదో చెబుతున్నారు. నేను సైకిలుకు స్టాండు వేసి గోడ పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ముందుగా వచ్చింది అలసట. ఆరేళ్ళుగా మా ఊరు ఊరంతా ఆమె గడప ముందు కూర్చుని ఒకే ప్రశ్నకు రకరకాల జవాబులు చెబుతూ వచ్చింది. ఇక ఆ జవాబులు వినడానికి అక్కడ ఎవరూ లేరు.

మాది మణుగూరు దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఆవలి ఒడ్డున దుమ్ముగూడెం మండలం, దాని వెనక అడవి. ఆయమ్మ మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. ఆమె అసలు పేరు చర్చి రిజిస్టరులోనూ ఓటరు కార్డులోనూ ఉండేది గానీ నోటితో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మా ఇంటి పక్క ఇల్లే. భర్త తొందరగా పోయాడు. ఒక్కడే కొడుకు, నా ఈడువాడు. మేమిద్దరం ఆమె వండిన ఉప్మా తిని పెరిగాం.

పిల్లల్ని చేతులు కడగడానికి బోరింగు దగ్గరికి తీసుకుపోయేటప్పుడు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టేది. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి మళ్ళీ లెక్కపెట్టేది. బోరింగు పట్టుమని పదడుగుల దూరం లేదు.

"గింత దూరంల ఎవరు తప్పిపోతరు ఆయమ్మా?" అని టీచరమ్మ నవ్వేది.

"తప్పిపోయెటోడు చెప్పి పోతడా అమ్మా?" అనేది ఆయమ్మ, చెయ్యి ఆపకుండానే.

ఆ చేతిని ఎక్కువ తప్పించుకున్నది ఆమె కొడుకే. తల మీద చెయ్యి పడేలోపు గుమ్మం దాటేసేవాడు. వాడిది పుట్టుకతో వచ్చిన తొందర. బడికి పోతుంటే నాకన్నా పది గజాలు ముందుండేవాడు. బస్సు ఆగకముందే దిగేవాడు. మణుగూరులో మోటారు సైకిళ్ళ షెడ్డులో పనికి చేరాక కూడా, ఇంజను పూర్తిగా చల్లారకముందే చెయ్యి పెట్టి కాల్చుకునేవాడు. "ఆగలేక ఎనిమిదో నెలల్నే బయటికొచ్చిండు. ఇగ ఇప్పుడాగుతడా?" అని ఆయమ్మ కాలిన వేళ్ళకు వెన్న రాస్తూ తిట్టేది.

మాకు ఇరవై రెండేళ్ళున్నప్పుడు, మాఘమాసంలో ఒక శనివారం, మణుగూరులో ఆల్‌నైట్ ప్రేయరుందని ఇళ్ళల్లో చెప్పి ఇద్దరం గోదావరి దాటాం. షెడ్డులో పనిచేసే ఒక దోస్తుది ఆవలి గూడెంలో పెళ్ళి. డోళ్ళు, ఆటలు, ఇప్పసారా. ఆయమ్మ ఇచ్చి పంపిన బైబిలు మా సంచిలోనే ఉంది. మర్నాడు పొద్దున మొదటి పడవలో నేను తిరిగొచ్చాను. వాడు రాలేదు. ఈ రోజుకీ రాలేదు.

"వాడేడిరా?" అని ఆయమ్మ వాకిట్లోనే అడిగింది.

"ఎనకొస్త, నువ్వు పో అన్నడు ఆయమ్మా."

ఆ మాట వాడు అనలేదు. దీన్ని నేను కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి, అందుకే సాగదీయకుండా రాస్తున్నాను. తెల్లవారేసరికి నాకు తల ఎత్తలేనంత దిమ్ముగా ఉంది. రేవులో పొగమంచు, చలి. పడవలో అందరూ దుప్పట్లు ముసుగేసుకుని కూర్చున్నారు. ముందు వైపు నల్ల దుప్పటి కప్పుకుని ఒక మనిషి ముడుచుకుని ఉన్నాడు. మావాడే, ఎప్పట్లాగే నాకంటే ముందు ఎక్కి కూర్చున్నాడనుకున్నాను. "అందరు ఎక్కిన్రా?" అని పడవ నడిపే మామ కేకేశాడు. ఎక్కినం అని నేనే అన్నాను. ఈవలి ఒడ్డుకు వచ్చాక దుప్పటి తీస్తే ఒక ముసలాయన, ఆయన ఒళ్ళో మేకపిల్ల. వెంటనే వెనక్కి పోవాల్సింది. వాడే తర్వాతి పడవకు వస్తాడులే, ఈలోగా ప్రేయరు అబద్ధం బయటపడకుండా చూసుకుందాం అనుకుని ఇంటిదారి పట్టాను. ఆయమ్మ ముఖం చూడగానే, స్నేహితుణ్ణి చూసుకోకుండా వచ్చానని చెప్పలేక నోటికొచ్చింది చెప్పేశాను.

మధ్యాహ్నం దాకా వాడు రాకపోయేసరికి, ప్రేయరుకు కాదు ఆవలికి పెళ్ళికి పోయామని ఒప్పుకున్నాను. సాయంత్రానికి ఆయమ్మ అన్నదమ్ములు ఆవలి ఒడ్డున వెతకడం మొదలుపెట్టారు. వాళ్ళది ఆ వైపు ఊరే. కోడి కూసేదాకా ఆటలో ఉన్నాడని పెళ్ళివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

ఇక అక్కడినుంచి ఊళ్ళో సిద్ధాంతాలు మొదలయ్యాయి. ప్రతి సిద్ధాంతమూ నా అబద్ధం మీదే కాళ్ళు పెట్టుకుని నిలబడింది. వాడు అడవి లోపలికి పోయి అన్నల్లో కలిశాడన్నవాళ్ళు, "ముందే మాట్లాడుకున్నడు, అందుకే దోస్తుని పంపిచ్చి తను ఆగిండు" అన్నారు. పిల్లతో లేచిపోయాడన్నవాళ్ళు, "మరి ఎనకొస్త అని ఊరికే అంటడా?" అన్నారు. గోదావరి తీసుకుందన్నవాళ్ళు, పడవ వెళ్ళిపోయాక ఈదుకుంటూ వెనక వచ్చాడన్నారు. తునికాకు కోతకు పోయిన ఒకామె వాణ్ణి చెట్ల నడుమ తుపాకీతో చూశానంది. లారీ క్లీనరు ఒకడు విజయవాడ స్టేషన్‌లో నీళ్ళ సీసాలు అమ్ముతుంటే చూశానన్నాడు. హైదరాబాదులో ఒక హోటల్లో టేబుళ్ళు తుడుస్తున్నాడని ఇంకొకరు. వీళ్ళలో చాలామంది సరిగ్గా టీ వేళకే వచ్చేవారు.

ఆయమ్మ ఎవరినీ కాదనలేదు. టీ ఇచ్చేది, చీపురుపుల్లలు ఏరుకుంటూ చివరిదాకా వినేది. "గట్ల గూడ ఉండొచ్చు" అనేది. చూశామని చెప్పినవాళ్ళను మాత్రం ఒకటే అడిగేది: "సన్నబడ్డడా, ఒళ్ళు చేసిండా?" సన్నబడ్డాడని చెబితే ఆ రోజు రాత్రి ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఈ సంగతి తెలిశాక మా అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పి ఉంచింది, ఎవరడిగినా ఒళ్ళు చేశాడనే చెప్పమని. ఆ తర్వాత మావాడు మా ఊరివాళ్ళకు ఎక్కడ కనిపించినా బొద్దుగానే కనిపించాడు.

పోలీసులు నన్ను రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి అడిగారు. ఆ రోజుల్లో అడవి వైపు పోయి కనబడకుండా పోయిన పిల్లవాడంటే, వాడితో పాటు పోయి తిరిగొచ్చినవాడి మీదే అందరి కళ్ళూ ఉండేవి. గేటు బయట మా అమ్మ ఏడుస్తోంది. రెండో రోజు మధ్యాహ్నం ఆయమ్మ వచ్చింది. లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "పిలగాడు నిజమే చెప్తుండు సార్. నా కొడుకు ఎనకొస్తనే అన్నడు. వానికి గది అలవాటే" అంది. సాయంత్రం నన్ను వదిలేశారు. ఇంటికి వచ్చే దారంతా ఆమె నా ముందు నడిచింది.

ఆదివారం చర్చిలో ఎవరికేం ప్రార్థన కావాలో అడిగేటప్పుడు ఆయమ్మ లేచి, "ప్రయాణంల ఉన్న నా కొడుకు కోసం" అనేది. ప్రతి వారం అదే మాట. నాలుగేళ్ళయ్యాక పాస్టరు గారు నెమ్మదిగా, వాడి పేరు మీద జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటే మనసుకు ఆదరణ ఉంటుందేమోనన్నారు.

"అది పోయినోళ్ళకు జేస్తరు గద అయ్యగారూ," అంది. "వాడు పోలే. రాలే, గంతే."

పాస్టరు గారు మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. నేను వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుండిపోయాను. ఆమె ఆశంతా నేను కల్పించిన మాట మీదే నిలబడిందని నాకు తెలుసు. తీసేస్తే ఆమె ఏమైపోతుందోనని భయం, ఉంచితే ఇదేం బతుకని రోత. ఈ రెంటి మధ్య నేను బడిలో ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, రోజూ పొద్దున ఆమెకు రెండు బిందెల నీళ్ళు తెచ్చి పెట్టాను. ఊళ్ళో నన్ను మంచివాడన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంటికి పోయి పడుకోవాలనిపించేది.

పోయిన నెలలో ఆమెకు ఒళ్ళంతా నీరు పట్టింది. భద్రాచలం తీసుకుపోయాం. ఒక మధ్యాహ్నం వార్డులో పక్క మంచాలవాళ్ళు నిద్రపోతున్నారు. నేను బత్తాయి వలుస్తున్నాను. ఇక ఆగలేకపోయాను.

"ఆయమ్మా, వాడు ఎనకొస్త అనలే."

ఆమె కళ్ళు తెరవకుండానే, "ఎరుకే" అంది.

"ఎప్పటిసంది?"

"నువ్వు వాకిట్ల నిలబడి చెప్పిన్నాడే. వాడు ఏనాడన్న ఎవరి ఎనకన్న నడిచిండారా? ఎనకొస్త అన్న మాట వాని నోటికే రాదు."

చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. "మరి పోలీసోళ్ళకు ఎందుకు గట్ల చెప్పినవ్?"

"మీ అమ్మ గేటుకాడ కూలబడి ఏడుస్తుంది. ఒకడు ఎట్లనో పాయె. ఇంకోణ్ని గూడ నా నోటితోనే పోగొట్టాల్నా?"

కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ తనే అంది: "నీ మీద కోపం రాలేదనుకోకు బిడ్డా. శానా వచ్చింది. పొద్దున నువ్వు బిందె పట్టుకొస్తే తలుపేసుకుందామనిపించేది. ఏసుకుంటే ఎట్ల? రోజు వచ్చెటోడివి నువ్వొక్కనివే."

అప్పుడు మొత్తం చెప్పాను. రేవు, పొగమంచు, నల్ల దుప్పటి, మేకపిల్ల. వెనక్కి తిరిగి చూడకుండానే ఎక్కినం అన్న సంగతి. ఆమె కళ్ళు తెరిచి వింది. ఆరేళ్ళలో ఎన్నో సిద్ధాంతాలు విన్న మనిషి, గట్ల గూడ ఉండొచ్చు అని మాత్రం ఈసారి అనలేదు.

"మీరిద్దరు కొట్లాడుకోలే గద?"

"లేదాయమ్మా."

"పడవల నుంచి పడలే గద?"

"పడవే ఎక్కలేదాయమ్మా."

"అయితే వాడు ఆ ఒడ్డునే ఉన్నడు," అంది. ఆరేళ్ళ నుంచి ఏ చోట ఆగాలో తెలియక తిరిగిన మనిషికి కూర్చునే చోటు దొరికినట్టయింది ఆమె ముఖం. బత్తాయి తొన అడిగి తీసుకుంది. తిన్నాక, "నన్ను ఆడనే పెట్టుర్రి. మా అమ్మానాయన ఉన్న కాడ" అంది. ఆ తర్వాత నా తల మీద చెయ్యి వేసింది, అంగన్‌వాడీ గుమ్మంలో వేసినట్టే. కొంచెంసేపు అలాగే ఉంచింది. నేను అప్పుడు ఏడ్చాను. ముప్పై ఏళ్ళకు దగ్గరపడినవాణ్ణి, బత్తాయి తొక్కలు ఒళ్ళో పెట్టుకుని, పక్క మంచం ఆమె నిద్రలేచి చూసేదాకా ఏడ్చాను.

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. మర్నాడు పొద్దున వెళ్తే, నీళ్ళెవరు మోస్తున్నరు, పిల్లల్ని బోరింగు కాడ ఎవరు చూస్తున్నరు అని అడిగింది. నేను బడి పిల్లల్ని బయటికి తీసుకుపోతే తల తలనీ తాకి లెక్కపెడతానని చెప్పాను. "రెండుసార్లు లెక్కవెట్టు," అంది. అది ఆమె నాతో అన్న చివరి మాటల్లో ఒకటి.

ఆమె కోరినట్టే చేశాం. పెట్టెను పడవలో ఆవలికి తీసుకుపోయి, ఆమె పుట్టిన ఊరి సమాధుల దొడ్డిలో అమ్మానాన్నల పక్కన పెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు. గూడెం నుంచి కూడా కొందరు వచ్చారు. ఆరేళ్ళ కింద పెళ్ళికొడుకైన మా దోస్తు ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు. అక్కడ కూడా ఒకాయన నా చెవిలో వాడి గురించి కొత్త సంగతి ఏదో చెప్పబోయాడు. ఇప్పుడొద్దన్నాను.

తిరుగు ప్రయాణానికి రేవులోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పడవ అదే, మామా ఆయనే. జుట్టు మాత్రం పూర్తిగా తెల్లబడింది. మావాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి కూర్చున్నారు. మా అమ్మ, పాస్టరు గారు, అంగన్‌వాడీ టీచరమ్మ. నేను చివర ఎక్కాను.

"సారూ, అందరు ఎక్కినట్టేనా?" అన్నాడు మామ, గెడ చేతిలోకి తీసుకుంటూ.

నేను లేచి నిలబడి తలలు లెక్కపెట్టాను. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను. అప్పుడు వెనక్కి తిరిగి ఒడ్డు చూశాను. తడి ఇసుకలో మేము వచ్చిన అడుగులు, వాటి పైన గట్టు, గట్టు వెనక చెట్లు.

"లేదు మామా," అన్నాను. "ఇద్దరు తక్కువున్నరు."

మామ గెడను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ను పోనియ్యమనలేదు. చీకటి పడేదాకా పడవ ఆ ఒడ్డునే ఆగి ఉంది.