మోకు చుట్టిన సీటు

సిద్దిపేటలో సైకిళ్ల దుకాణంలోకి అడుగుపెట్టాక, కొత్త సీటు మీది రెగ్జిన్ వాసన తగలగానే మనసు చివుక్కుమంది. మోకాళ్ల నొప్పులకు డాక్టరు సైకిలు తొక్కమంటే కొనడానికి పోయాను. తీరా చూస్తే కళ్ల ముందు మా బాపు సైకిలే నిలబడింది.

తొగుట దగ్గర మా ఊళ్లో బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. తెల్లవారుతూనే మోకు భుజాన వేసుకుని, వాగవతల తాటివనానికి సైకిలు మీద పోయి, ఎండ ముదిరేలోపు హ్యాండిలుకు కల్లు నిండిన మట్టి లొట్లు వేలాడదీసుకుని తిరిగొస్తుంటే, ఆ పులుపూ తీపీ కలిసిన వాసన ఆయనకంటే ముందే వాకిట్లోకి వచ్చేది. మోకంటే చెట్టెక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. వీపుకు ఆనేచోట వెడల్పుగా అల్లి ఉంటుంది. దానికి పొరపాటున కాలు తగిలితే మేమంతా కళ్లకద్దుకోవాల్సిందే.

ఒక వానాకాలం తడిచెట్టు మీది నుంచి బాపు జారిపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ, సైకిలెక్కితే చాలు నడుం కింద పోటు. ఆయన మాత్రం తప్పంతా సీటు మీదికే నెట్టాడు. "నాకేం గాలె, సీటే మంచిగ లేదు," అనేవాడు. మేమూ నమ్మాం. సరైన సీటు దొరికితే బాపు మళ్లీ వనానికి పోతాడని, చెట్టెక్కుతాడని మా ఆశ. స్ప్రింగుల సీటు, స్పాంజి సీటు, కుచ్చుల మఖ్మల్ తొడుగు, అవ్వ పాత చీరలో దూది కుక్కి కుట్టిన మెత్త, ఏది వేసినా వాకిలి దాటకముందే ముఖం నల్లబడి దిగేవాడు. ఆ దిగడం చూడలేక నేను బంతిచెట్ల వెనక్కి పోయేదాన్ని.

దసరా నాడు మోకుకూ కల్లు గీసే కత్తులకూ పసుపు కుంకుమ పెట్టి మొక్కాక, బాపు ఆ మోకునే తీసి, వెడల్పు పట్టీ పైకి వచ్చేలా సీటుకు చుట్టసాగాడు. అవ్వ చేతిలోని గారెల పళ్లెం కింద పెట్టేసింది.

"ఏందయ్యా, మోకు మీద కూసుంటవా?"

"ఇగ ఎక్కేది లేదు గదనే. గీడనన్న అక్కరకొస్తది."

బాపు దానికి దండం పెట్టి, సీటెక్కి, పళ్లు బిగబట్టి వాకిట్లో ఒక చుట్టు తొక్కి, "మంచిగున్నది," అన్నాడు. ఆ ముఖం చూస్తే అబద్ధమని చిన్నదాన్నైన నాకే తెలిసిపోయింది. భయమేసింది.

ఇప్పుడు ఆ వనం, ఆ వాకిలి రిజర్వాయరు నీళ్ల కింద ఉన్నాయి. బాపు లేడు. మోకు సైకిలుతో పాటే పాత ఇనుప సామాన్ల బండిలో పోయింది.

"కూసోని చూడున్రి మేడం," అన్నాడు దుకాణమతను. కూర్చున్నాను. ఎంత మెత్తగా ఉందో అంత కోపమొచ్చింది. దిగుతుంటే నా చెయ్యి దానంతటదే సీటును తాకి కళ్ల దగ్గరికి పోయింది.