గుడ్ల బండి మీద సొట్ట

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పిల్లలకూ పెద్దలకూ ఆమె గుడ్ల బండి అక్క. తెల్లవారుతూనే కోళ్లఫారానికి వెళ్లి, పికప్ నిండా గుడ్ల అట్టలు ఎక్కించుకుని, ఎండ ముదిరేలోపు కొట్లకూ హోటళ్లకూ బేకరీలకూ వేసి రావడం ఆమె పని. రెండు గుడ్లు పగిలితే "కాస్త మెల్లగా రావచ్చు కదమ్మా" అంటారు. మెల్లగా వస్తే "ఇంత ఆలస్యమా" అంటారు. లోకం నోటికి మూత ఎవడు పెట్టగలడు!

నాలుగేళ్ల కిందటిదాకా ఆ బండి నడిపింది ఆమె భర్త. ఒకరోజు ముందు పోతున్న కంకర లారీ నుంచి రాయి ఒకటి ఎగిరొచ్చి ముందద్దం పగలగొట్టింది. గాజు పెంకులు ఆయన కళ్లలో పడ్డాయి. ఒక కన్ను ఆ రోజే పోయింది. రెండోది దాని మీద బెంగ పెట్టుకున్నట్టు ఏడాది తిరక్కుండా పోయింది. "గుడ్ల బండివాడికి గుడ్లు పోయాయట" అని టీకొట్టు దగ్గర ఎవడో అన్నాడు. వాడి నాలుక పడిపోను! ఆ మాట నోళ్లు మారి మారి ఆయన చెవిన పడింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆ తర్వాత ఇంటికి వచ్చిన ప్రతివాడికీ తనే ముందు ఆ జోకు చెప్పి నవ్వేవాడు. ఇంకొకడు అనేలోపు తనే అనేస్తే నొప్పి తక్కువని కాబోలు. ఆమె మాత్రం విన్నప్పుడల్లా లేచి లోపలికి పోయేది.

ఆ ఒంటికన్ను పనిచేసిన ఏడాదిలోనే ఆయన ఆమెకు బండి నేర్పాడు. పక్క సీట్లో కూర్చుని, "గేరు చేత్తో కాదు, చెవితో మార్చాలే. ఇంజను ఏమంటోందో విను" అని సతాయించేవాడు. ఆమె ఏడ్చేది, తిట్టేది, మర్నాడు మళ్లీ ఎక్కేది. చివరికి స్టీరింగు పూర్తిగా ఆమె చేతికి వచ్చిన రోజు ఆయన ఒక్కటే అడిగాడు.

"బండికి గీత పడ్డా నాకు చెప్పాలి. నా దగ్గర దాచకు."

"మీ దగ్గర దాచి నేనెక్కడికి పోతాను?" అందామె.

అప్పట్నుంచి ఆయనకు మిగిలిన పని ఒక్కటే, పొద్దున్నే బండి తుడవడం. బకెట్టు నీళ్లు, పాత బనీను గుడ్డ. తుడవడం పేరుకే, నిజానికి వేళ్లతో బండిని చదువుకునేవాడు. బానెట్ మీద పెయింటు పెచ్చు ఎక్కడ లేచినా వేలు అక్కడ ఆగేది. "ఇది కొత్తది. ఎక్కడ తగిలింది?" అని అడిగేవాడు. ఆమె గుమ్మంలో టీ తాగుతూ, పెద్ద రోడ్డు మీద ఇసుక లారీ వెనక పడ్డాననో, రోలరు పని జరుగుతున్న చోట రాయి ఎగిరిందనో చెప్పేది. ఆ నాలుగు మాటల్లో ఆయనకు ముందు రోజు రోడ్డంతా కనిపించేది. వాళ్లిద్దరి కాపురంలో మిగిలిన కబుర్లన్నీ దాదాపు అవే.

ఇలా ఉండగా, ఒకరోజు ఫారం గేటు ముందు ఆమెకు కునుకు పట్టింది.

రెప్పపాటే. కళ్లు తెరిచేసరికి గేటు పక్కన ముందుకు వాలి ఉన్న రాతి స్తంభం మీదికి బండి వెళ్లిపోయింది. బ్రేకు తొక్కింది గానీ, బానెట్ అంచున ఎడమ పక్క పిడికిలి పట్టేంత సొట్ట పడింది. ఫారం వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా, బ్రేకు పడలేదా?" అని అడిగాడు. ఆమె అవునంది. మొదటి అబద్ధం అదే.

ఇంటికెళ్లి ఆయనకు చెప్పేసి ఉంటే పోయేది. కానీ ఏమని చెబుతుంది? బండి నడుపుతూ నిద్రపోయానని చెబితే ఆ మనిషి ఇంకేమైనా మిగులుతాడా? అంతకుముందు ఏడాది పంక్చరై రెండు గంటలు ఆలస్యమైతే, చేతికర్ర పట్టుకుని ఒంటరిగా ఆమెను వెతుక్కుంటూ మెయిన్ రోడ్డు దాకా వచ్చాడు. కాలవ అంచున పడి మోకాలు చీరుకుపోయింది. ఆ మోకాలికి కట్టు కట్టినరోజే ఆమె అనుకుంది, ఈయనకు భయం కలిగించే మాట ఒక్కటీ చెప్పకూడదని. మంచికే అనుకుంది పాపం. చెడ్డ పనులు సగం మంచికే మొదలవుతాయి.

ఆ రోజు నుంచి ఆమె బండిని ముక్కు గోడకు ఆనేటట్టు పెట్టసాగింది. "పక్కింటివాళ్ల స్కూటరు అడ్డంగా ఉందండీ, వెనక్కి పెట్టడం కుదరట్లేదు" అంది. "ముందు భాగం నేను తుడిచేశాలెండి, మీరు తలుపులు తుడవండి" అంది. ఆయన సరే అన్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ లోకమంతా చీకటే అనుకుంటుందట. ఇక్కడ కళ్లు మూసుకున్నది ఎవరో తర్వాత గానీ ఆమెకు తెలియలేదు.

సొట్ట తీయించాలంటే టింకరింగ్ షాపువాడు రెండు రోజులు బండి పెట్టేయమన్నాడు. రెండు రోజులు బండి ఇంట్లో లేకపోతే ఎందుకని ఆయన అడుగుతాడు. పైగా కొత్త పెయింటు వాసన ఆయన ముక్కుకు తగలకుండా ఉంటుందా? పక్క వీధిలో గోడకు సున్నం వేస్తే పట్టేసే ముక్కు అది. ఆలోచించి ఆలోచించి, పదో రోజున బండి సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టువాడిది బట్టతల. బళ్లకు స్టిక్కర్లు అతికించీ అతికించీ స్టిక్కర్ల అన్న అయ్యాడు.

"బానెట్ గార్డు కావాలన్నా."

"మంచి పని చెల్లెమ్మా. రాళ్లకీ పురుగులకీ బానెట్ ముఖమే కదా అడ్డం. ఇదిగో, అంచున అతికించే ప్లాస్టిక్ పట్టీ, సన్నది. రెండు వేళ్ల వెడల్పు. లోపల పెయింటు కనిపిస్తుంది, ముద్దుగా ఉంటుంది."

"ఇంకా వెడల్పుది చూపించు."

మూడు వేళ్లది చూపించాడు. ఆమె దాని మీద చేయి పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. నాలుగున్నర వేళ్లది, నల్లటిది, మందమైనది ఒకటి అటకమీంచి దించాడు.

"ఇది పెద్ద లారీలకమ్మా. నీ బండికి పెడితే చిన్న మొహానికి పెద్ద మీసం పెట్టినట్టుంటుంది" అని నవ్వాడు.

"ఉండనీ. అంచు ఎత్తుగా తగలకూడదు, చేత్తో నిమిరితే నున్నగా పోవాలి."

"చేత్తో నిమరడమేంటి?" అంటూ కొట్టువాడు బయటికొచ్చి బండి చూశాడు. సొట్టలో పిడికిలి పెట్టి చూశాడు. "గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తున్నావు చెల్లెమ్మా. ముందు సొట్ట తీయించు. సొట్ట మీద టేపు సరిగ్గా పట్టదు."

"పట్టేటట్టు చెయ్యన్నా. నీకు దండం పెడతాను."

ఆమె గొంతు విని అతను ఇంక వాదించలేదు. మరలతో బిగించేదైతే బానెట్‌కు కన్నాలు పెట్టాలి, తుప్పు పడుతుంది, వద్దన్నాడు. టేపుతో అతికించేదే ఇచ్చాడు. సొట్ట దగ్గర పెట్టడానికి మెత్తటి స్పాంజి టేపు ముక్క వేరేగా కోసిచ్చాడు. "ముందు స్పిరిట్‌తో తుడవాలి. జిడ్డు ఉంటే అంటదు. అంటించాక ఒక రోజు నీళ్లు తగలనివ్వకు. ఒక రోజు దాటిందా, ఇక పెయింటన్నా ఊడొస్తుంది గానీ గార్డు ఊడిరాదు. రేపు మధ్యాహ్నం రా, నేనే పెట్టిస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి గార్డు కొన్నానని, రేపు కొట్టువాడే పెడతాడని చెబితే ఆయన నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

"రాయి బానెట్ మీదే పడి ఉంటే నాకీ గతెందుకే? సరేలే. రేపు కొట్టువాడెందుకు? నేను లేనా? స్టీరింగు పట్టుకోలేను గానీ టేపు అంటించలేనా?"

ఆమెకు గుండెల్లో రాయి పడింది. అయినా సరేనంది. నాలుగేళ్లలో ఆయన నోట "నేను లేనా" అన్న మాట ఆమె వినడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం బండిని నీడలో పెట్టారు. ఆయన గార్డును ఒళ్లో పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. "ఇంత వెడల్పా?" అన్నాడు. "అదే దొరికింది" అంది. గార్డులో సగం ఎంతో జానలతో కొలిచి, బానెట్ కుడి అంచు నుంచి అంత దూరంలో మధ్య గుర్తుగా కాగితం టేపు ముక్క అంటించాడు. స్పిరిట్ సీసా మూత తీసి, గుడ్డ తడిపి, కుడి అంచు నుంచి తుడవడం మొదలుపెట్టాడు. వేళ్లు మెల్లగా ఎడమకు జరుగుతున్నాయి. మధ్య గుర్తు దాటాయి. ఇంకో రెండు జానలు జరిగితే సొట్ట.

"ఆ పక్క నేను తుడుస్తానండీ" అందామె. తేలు కుట్టిన దొంగకు అంతకన్నా మంచి గొంతు ఎలా వస్తుంది! "మీరు ఎండలోకి వచ్చేస్తున్నారు."

ఆయన చెయ్యి ఆగింది. అటు ఎండ లేదు. ఎండ ఉందో లేదో చర్మానికి తెలియదా? ఒక్క క్షణం ఆమె వైపు ముఖం తిప్పి, అలాగే ఉన్నాడు. తర్వాత గుడ్డ ఆమె చేతిలో పెట్టాడు.

"సరే, నువ్వే తుడువు."

ఆమె తుడిచింది. స్పాంజి ముక్క సొట్టలో పెట్టింది. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో టేపు వేడి చేసింది. ఆయన టేపు మీది కాగితం ఒలిచి, మధ్య గుర్తు తడుముకుని, గార్డును ఆనించి మధ్య నుంచి కుడి చివర దాకా బొటనవేళ్లతో అదుముకుంటూ పోయాడు. ఎడమ సగం ఆమె అదిమింది. అయ్యాక వంకర లేకుండా కుదిరింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రం చాన్నాళ్లకు కడుపునిండా తిన్నది కూడా.

మర్నాడు పొద్దున టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసరికి బండి తలుపులు, అద్దాలు, వెనక తొట్టి, చక్రాలు అన్నీ తుడిచి ఉన్నాయి. బానెట్ మీద మాత్రం నిన్నటి దుమ్ము అలాగే ఉంది. నీళ్లు తగలకూడదని వదిలేశాడనుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు బానెట్ మీద దుమ్ము మందంగా పేరుకుంది. మిగతా బండి అద్దంలా ఉంది.

"బానెట్ మర్చిపోయారా?"

"లేదు."

"మరి?"

"అక్కడ నాకేం పని లేదుగా" అన్నాడు గుడ్డ పిండుతూ.

ఆమె గ్లాసు గడప మీద పెట్టేసింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"పడిన మర్నాడే. ఇన్నేళ్లుగా వెనక్కి పెట్టే బండిని ముక్కు గోడకు పెట్టావు. పొద్దున్నే రివర్సు గేరు చప్పుడు నాకు వినిపించదా? గోడకీ బండికీ మధ్య చెయ్యి దూరింది, పెట్టి చూశాను. చెబుతావులే అనుకున్నా. పదకొండు రోజులు చూశాను. మొన్న గుడ్డ అడిగావే, అప్పుడైనా చెబుతావనే ఇచ్చాను."

"మీరు బెంగపడతారని..."

"పడనీవే! బెంగ కూడా పడకూడదా నేను?" ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "రాయి నా కళ్లు తీసింది. అది రాయి, దానికేం తెలుసు? నువ్వు అన్నీ తెలిసి నా వేళ్లకు గంతలు కట్టావు."

ఆమె గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. కునుకు పట్టిందనీ, స్తంభం అనీ, వాచ్‌మన్‌కు అబద్ధం చెప్పాననీ. ఆయన చివరిదాకా విని, "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?" అని మాత్రం అడిగాడు. ఆమె లేచి వంటింట్లోంచి కత్తి తెచ్చి గార్డు అంచు కింద దూర్చింది. అది ఊడలేదు, గోరంత పెయింటు లేచింది. "వదిలెయ్" అన్నాడాయన. "పట్టుకుంది. ఇంక రాదు."

ఆమె ఇప్పుడు ఏదీ దాచదు. బండి దిగగానే ఆయన పక్కన కూర్చుని ఆ రోజు జరిగిందంతా చెబుతుంది, కళ్లు మూతపడబోతే బండి ఆపి ముఖం కడుక్కున్న సంగతి కూడా. ఆయన ఊఁ కొడతాడు. "ఎక్కడ తగిలింది?" అని అడగడం మాత్రం మానేశాడు. బానెట్ ఆమే తుడుచుకుంటుంది. ఆమె తుడిచేంతసేపూ ఆయన బకెట్టు పక్కన నిలబడి ఉంటాడు.

మొన్న గార్డు పైన ఆమెకు కొత్త పెచ్చు ఒకటి కనిపించింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఏమండీ, కొత్తది! ఇలా రండి, చెయ్యి పెట్టి చూడండి" అని పిలిచింది.

ఆయన కదల్లేదు, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నువ్వు చెప్పావుగా" అన్నాడు. "నమ్ముతాలే."